మూడో అర్థం

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఇంటావిడ తొమ్మిదో చీటీ వినిపించింది.

"కథానాయిక కిటికీ దగ్గరే నిలబడి ఉంటుంది, అది కూడా మొదటి అంకం నుంచి చివరి అంకం దాకా."

ఎదురు కుర్చీలో కూర్చున్న ప్రూఫురీడరు పెన్సిలు ఆపింది. తన ఒళ్లోని అచ్చుకాగితంలో 'కూడా' అన్న మాట లేదు. పొరపాటు ఈవిడదే అయి ఉంటుందనుకుని, పీట మీది చీటీ అడిగి తీసుకుని చూసింది. 'కూడా' ఉంది. ప్రెస్సులో ఇద్దరు పట్టభద్రులు మూడుసార్లు సరిచూసిన అచ్చులోనే అది జారిపోయింది.

ఎప్పుడూ వచ్చే మనిషి సెలవు పెట్టడంతో ప్రూఫురీడరు ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి. గది నాలుగు గోడలకూ చిన్న చిన్న సొరుగులు. సొరుగుల నిండా నిఘంటువు కోసం రాసిన చీటీలు, దారంతో కట్టిన కట్టలు. అవి రాసిన పెద్దాయన పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ప్రెస్సులో అందరూ ఆయన్ని మాటలాయన అంటారు. ముప్పై ఏళ్లు బజార్లలో, బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో జనం మాట్లాడుకునేది విని చీటీల మీద ఎక్కించాడు. నాలుగేళ్ల కిందట రెండు కళ్లూ పోయాయి. అప్పటినుంచి ఆయన "చెప్పు" అంటాడు, భార్య చెబుతుంది.

కళ్లున్న రోజుల్లో రాసిన ప్రతి చీటీనీ వంటింటి గుమ్మంలో నిలబడి ఆమెకు చదివి వినిపించేవాడట. ఆమె మొహం చిట్లిస్తే, ఆ మాట ఇంకెవరి నోటైనా వింటానేమోనని మళ్లీ చెప్పులేసుకునేవాడట.

"ముప్పై ఏళ్లు ఒక్క కూరా అడుగంటకుండా దించలేదు ఈయన పుణ్యమా అని" అంది ఆమె, తలెత్తకుండా.

పని చివరికొచ్చింది. 'కథానాయిక' అన్న మాటకు ఆయన మూడు అర్థాలు రాశాడు. మొదటిది, కథలో ముఖ్యమైన స్త్రీ. రెండోది, నాయకుడు ప్రేమించే అందగత్తె. మూడోది, కథలోనే కాదు, బయట కూడా, ఒక సంఘటన భారమంతా తన మీద వేసుకుని నడిపించిన స్త్రీ. మొదటి రెండింటికీ చీటీలు దండిగా ఉన్నాయి. మూడోదానికి ఒక్కటీ లేదు. ఎవరూ అనని మాటకు అర్థం రాయకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. నాలుగు గంటలకు ఆ పేజీ అచ్చుకెక్కుతుంది. ఆలోపు చీటీ దొరక్కపోతే మూడో అర్థం కొట్టేయమని మేనేజరు చెప్పి పంపాడు. అప్పటికే మూడు దాటింది.

ఆ సంగతి ప్రూఫురీడరుకు చెప్పక తప్పలేదు.

"విన్నానమ్మా, ఈ చెవులతో విన్నాను" అన్నాడు పెద్దాయన. "రాశాను కూడా. ఎక్కడ పెట్టానో పోయింది. అది లేకుండా అచ్చయితే రేపు పుస్తకం తెరిచిన ఆడపిల్లకి కథానాయికంటే అందగత్తె అనే తెలుస్తుంది. ముప్పై ఏళ్లు తిరిగింది దానికోసమా?"

చెయ్యి చాపి 'కథానాయిక' కట్టను తడిమాడు.

ఆయన భార్య చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. కాసేపు కళ్లు మూసుకుంది.

"ఆ కట్టలో ఎందుకుంటుంది? మీరది 'దాది' అన్న మాట కింద కదా పెట్టారు. ఆ దర్జీ చెప్పిన మాట."

గుమ్మం పక్కన బీరువా, కింది నుంచి రెండో వరస, చివరి సొరుగు. లేచి వెళ్లి కట్ట తెచ్చింది. దారం విప్పి, నాలుగు చీటీలు పక్కకు తీసి, ఐదోది చేతిలో పట్టుకుంది. దాని మూల ఒలికిన సిరాను ఒకసారి చూసి, తలెత్తి చెప్పింది.

"'పుట్టింది నేను, కన్నది మా అమ్మ. కానీ ఆ రోజు కథానాయిక మాత్రం దాది.' దర్జీ, కాజాలు కుడుతూ. వానాకాలం."

ప్రూఫురీడరు చీటీ అందుకుంది. అక్షరం పొల్లుపోలేదు. 'కాజాలు కుడుతూ' అన్నది కూడా చివర సన్నగా రాసి ఉంది. ఆమె వేలు పెట్టి మళ్లీ సరిచూసింది. ఇరవై ఏళ్లుగా అచ్చు చదువుతున్న మనిషి. నిన్న దిద్దిన పేజీ ఇవాళ గుర్తుండదు తనకి.

"ఇన్నిట్లో అదెక్కడుందో ఎలా తెలిసిందమ్మా?"

బదులు పెద్దాయన ఇచ్చాడు. "పన్నెండు వేల చీటీలు. నేను మర్చిపోయానేమో గాని, అవన్నీ ఆవిడ దగ్గర భద్రంగా ఉన్నాయి." ఇంకేదో అనాలని చూశాడు, పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

"మాటలాయనకి మాట దొరకలేదు. ఇదో చీటీ రాసుకోండి" అని ఆమె నవ్వి మళ్లీ పళ్లెం ముందు కూర్చుంది.

మూడో అర్థం పక్కన ప్రూఫురీడరు 'ఉంచాలి' అని రాసింది. అసలు చీటీలు ప్రెస్సుకు తీసుకెళ్లాలంటే ఇంటివాళ్ల రశీదు కావాలి. పెద్దాయనకు కాగితం కనిపించదు. అందుకని రశీదు ఆమెకే అందించి, అడుగున గీత చూపించింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, కాగితం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లింది. కొంచెంసేపటికి వచ్చి తిరిగిచ్చింది.

ప్రూఫురీడరు రశీదు చూసింది. గోడల నిండా ఉన్న సొరుగుల్ని చూసింది. తర్వాత, మళ్లీ చిక్కుళ్ల మీదికి వంగిన ఆ మనిషిని చూసింది. చీటీల కట్టను గుండెకు హత్తుకుని గడప దాటింది.

సంతకం చోట తడి ఆరని వేలిముద్ర ఉంది.