తుపాకీ మడమ మీద పేరు

పాత తుపాకుల మీది పేర్లను చెరిపిస్తున్నది కొనే మీరే. పేరుమోసిన పోలీసు షెరీఫ్ పేరుంటే ఎగబడి మూడింతలు ఇస్తారు, మామూలు మనిషి పేరైతే మచ్చ అంటారు.

ఇవాళ అమెరికాలో, మోంటానా తుపాకుల సంతలో వర్నా అనే ముసలావిడ విడిభాగాల బల్లలన్నీ వెతికి వెతికి, భుజానికి ఆనించే ఒక చెక్క మడమ దగ్గర ఆగిపోయింది. దాని మీద కత్తిమొనతో చెక్కిన పేరు, ఎల్డన్.

"ఆ గీతలుండబట్టే చవక, పెద్దమ్మా. లేకపోతే నీకందేదేనా?" నవ్వాడు అమ్మేవాడు.

"ఎవరికీ ఇవ్వకు నాయనా. పర్సు కారులో ఉంది, తెస్తాను."

ఆమె తిరిగొచ్చేసరికి మడమ నున్నగా మెరుస్తోంది.

"గరుకు కాగితంతో రుద్దేశాను చూడు! రుద్దినందుకు డబ్బులొద్దులే, నీ కోసమే."

ఆమె ఆ చోటును వేలితో తడిమింది. "అది మా ఆయన చెక్కింది నాయనా. పోయాక బుద్ధిలేక తుపాకీ అమ్మేశాను. ఉత్తరం ముక్క రాసే మనిషి కాదు. ఇంట్లో ఆయన రాత ఇంకెక్కడా లేదు."

కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ చెబుతున్నాను.

పేరుందని ధర తగ్గించకండి.

అడగకుండా రుద్దకండి.

ఆ బల్ల కింద రాలిన చెక్కపొడి ఇప్పుడే ఊడ్చెయ్యకండి. ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.