ఓడినవాడు కోరిన లాయరు

బసవయ్య తలుపు తోసుకుని లోపలికి రావడం చూసి, మైకు ముందున్న బార్ అసోసియేషన్ అధ్యక్షుడు మాట మధ్యలో ఆపేశాడు.

గురజాల కోర్టు పక్కనున్న బార్ హాలు నిండా జనం. ఉచిత న్యాయసహాయాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లినందుకు అడ్వకేట్ ప్రిస్కిల్లాకు ఆ రోజు సన్మానం. ప్రతి శనివారం ఏదో ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని, లాయరును పెట్టుకోలేనివాళ్ల దరఖాస్తులు తనే రాసి తెచ్చే మనిషి ఆమె. శాలువా అప్పుడే భుజాల మీద పడింది.

బసవయ్య సంగతి ఆ హాల్లో అందరికీ తెలుసు. మెకానిక్ ఖాదర్ వలి అరెకరానికి వెళ్లే బండిదారికి అడ్డంగా కంచె వేయించి, రెండు నెలల కిందటే కేసు ఓడిపోయాడు. ఖాదర్ వలి తరఫున వాదించింది ప్రిస్కిల్లాయే. తీర్పు రోజు కోర్టు మెట్ల మీద నిలబడి, "ఇది ఇంతటితో అయిపోలా" అని నలుగురూ వినేలా అని మరీ వెళ్లాడు బసవయ్య.

గుమాస్తా మౌలాలీ గబగబా వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఇయ్యాళ గొడవొద్దు పెదనాన్నా. ఏదన్నా ఉంటే అప్పీలు ఏసుకో."

"గొడవకి రాలేదురా. లాయరమ్మతో పనుంది."

"ఆమెతో నీకేం పని?"

"అది నీతో చెప్పేది కాదు. పక్కకి జరుగు."

ఇద్దరు ముగ్గురు లేచారు. ఈలోగా ప్రిస్కిల్లాయే వేదిక దిగి వచ్చింది. "పక్క గదిలో మాట్లాడుకుందాం రండి" అని ముందు నడిచింది. మౌలాలీకి మనసొప్పక గుమ్మం దాకా వెంటబడి వెళ్లాడు. ఆమె తలుపు దగ్గరగా వేసేసింది.

బసవయ్య కూర్చోలేదు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను పెట్టుకున్న లాయరు చానా పేరున్నోడు తల్లీ. వాయిదాల్లో సగానికి రాలా. నువ్వు ఒక్కటి తప్పలా. ఏప్రిల్ నెల రెంటచింతల ఎండలో, మా గట్టు మీద గొడుగన్నా లేకుండా నిలబడి దారి కొలిపించావు. నేను చెట్టు కింద కూర్చుని చూస్తానే ఉన్నా. దీనికేం ఒరుగుద్దని ఇంత ఎండలో మాడుతుందీ అనుకున్నా."

"ఇప్పుడు అప్పీలుకు వెళ్తారా?"

"ఎందుకు? దారి ఇచ్చినందుకు నా పొలమేం తగ్గలా. ఖాదర్ వలి ఎదురైతే సలాం చెప్తన్నాడు. మొన్న మా మోటారు ఆగిపోతే పిలవకుండానే వచ్చి చూశాడు. నేను గెలిచుంటే ఆ మనిషి మొహం ఎట్టా చూసేవాణ్ణో." తలుపు వైపు ఒకసారి చూశాడు. "నాకు నువ్వు కావాలమ్మా. ఇంకో కేసుంది."

"మీకు ఉచితంగా లాయరును ఇవ్వరండీ. పాతికెకరాల ఆసామి మీరు."

"నాక్కాదు."

బసవయ్య తలుపు తీసి వరండాలోకి చెయ్యి ఊపాడు. యాభై దాటిన ఒకావిడ పొలం పాస్‌పుస్తకం ఉన్న ప్లాస్టిక్ కవరు గుండెకు అదుముకుని లోపలికి వచ్చింది.

"ఈమె పేరు కోటమ్మ. శావల్యాపురంలో ఉంటది. సొంతిల్లుంది, మొగుడికి ఎకరమో రెండెకరాలో ఉంది. మరి ఈమెకు ఇస్తారా?"

"ఆడవాళ్లకు ఆస్తి లెక్క చూడరు. అడిగితే చాలు."

"నిజంగానా?" అంది కోటమ్మ. లోపలికొచ్చాక ఆమె అన్న మొదటి మాట అదే.

ప్రిస్కిల్లా శాలువా తీసి కుర్చీ వీపు మీద వేసి, సొరుగులోంచి దరఖాస్తు కాగితం తీసింది. "చెప్పండమ్మా, ఏం జరిగింది?"

కోటమ్మ నేల చూపులు చూసింది. "కేసెందుకులే అన్నా, పోదాం పా" అంది బసవయ్యతో.

"ఊరుకో. నేను చెప్తా." బసవయ్య అప్పుడు కూర్చున్నాడు. "ఈమె తండ్రి సొంతంగా కొన్న పొలం ఎనిమిదెకరాలు. వీలునామా రాయకుండానే పోయాడు. తల్లి అంతకు ముందే పోయింది. మిగిలింది ఈమే, ఈమె తోడబుట్టినోడే. ఇరవై రెండేళ్లుగా మొత్తం వాడే చేసుకుంటన్నాడు."

"మీరు ఎప్పుడూ అడగలేదా అమ్మా?"

"అడిగితే పుట్టింటి గడప దూరమవుద్దని" అంది కోటమ్మ మెల్లగా.

"సంతకాలేమైనా పెట్టారా? హక్కు వదులుకుంటున్నానని?"

"లేదు."

"అయితే సగం మీదే. ఆయన ఇవ్వనంటున్నాడా?"

బసవయ్యే అందుకున్నాడు. "వాడిప్పుడు ఇద్దామనే చూస్తన్నాడు. వాడి కొడుకులు పడనివ్వరు. ఇంట్లో ఆ మాటెత్తితే కంచాలు ఎగురుతయ్యి. కోర్టు చెప్పిందనుకో, ఇంకెవడికీ నోరు లేవదు. అందుకని కేసు పడాల."

"ఆయన ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో పెడదాం. ఒక్క రోజులో తేలిపోతుంది. దాని మీద అప్పీలు కూడా ఉండదు. కానీ ఆయన రావాలి. నోటీసు పంపితే వస్తాడంటారా?"

"వస్తాడు. దానికి నాదీ పూచీ."

ప్రిస్కిల్లా పేరు, వయసు, ఊరు రాసుకుంది. సర్వే నంబరు ఎక్కించింది. కోటమ్మ సంతకం పెట్టింది. పక్క హాల్లోంచి ఎవరో లాయరమ్మను పిలుస్తున్నారు. "ఒక్క నిమిషం" అని కేకేసి, ప్రిస్కిల్లా చివరి గడి దగ్గర పెన్ను పెట్టింది.

"ప్రతివాది పేరు చెప్పండమ్మా."

కోటమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాసుకో తల్లీ" అన్నాడు బసవయ్య. "నా పేరే."