నీళ్లు బాగున్నాయి

అమెరికా ప్రాజెక్టులు తగ్గి ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. పంజాగుట్టలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీముకు లీడర్ నిరోష. టీములో అందరూ తనలాగే అమీర్‌పేటలో కోర్సులు చేసి వచ్చినవాళ్లే. వాళ్ల తరఫున బతిమాలుకోవడానికి మేనేజర్ ప్రమోద్ గదిలోకి భయంభయంగా అడుగుపెట్టింది.

ఆయన గోడంత అక్వేరియం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. సముద్రపు చేపల కోసం కలిపిన ఉప్పునీళ్లు అవి. ఒక మీటరు ముంచి ఉప్పు చూశాడు, ఇంకోటి ముంచి వేడి చూశాడు. చిన్న సీసాలో కాసిని నీళ్లు తీసి, మందు చుక్క వేసి, ఏ రంగు వస్తుందోనని ఊపిరి బిగబట్టాడు.

నిరోషకు ధైర్యం వచ్చింది. చేపల కోసమే ఇంత తపించే మనిషి, మనుషుల్ని రోడ్డున పడేస్తాడా?

"మస్తుగున్నది సార్. చేపలేవి, రాళ్ల ఎన్క దాక్కున్నయా?"

"చేపల్లేవమ్మా, తీసేశాను," అన్నాడు ప్రమోద్ మురిసిపోతూ. "అవి ఉన్నన్నాళ్లూ నీళ్లు పాడుచేసేవి, ఒక్క రీడింగూ కుదిరేది కాదు. ఇప్పుడు చూడు, అన్నీ పర్ఫెక్ట్!"

చేతులు తుడుచుకుని కుర్చీ చూపించాడు.

"కూర్చో. ఇక మీ టీము సంగతి చూద్దాం."