స్వర్గం గింజలు

ఆడపిల్ల పుట్టిందని లింబాద్రి అబుదాబిలోని మఫ్రఖ్ లేబర్ క్యాంపులో గదిగదికీ తిరిగి పేడాలు పంచాడు.

అందరూ తీసుకున్నారు. అతని గదిలోనే మూల మంచం మీదుండే ఫెమి ఒక్కడే చెయ్యి చాచలేదు.

నైజీరియా వాడు. వచ్చి నాలుగు నెలలైంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఆ రోజు మాత్రం ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన ఎండుకాయ ఒకటి తీసి లింబాద్రి చేతిలో పెట్టాడు.

"ఏందిది?"

"పేరు పెట్టే రోజు ఇందులో గింజ ఒకటి బిడ్డ పెదవికి తాకించాలి. మా ఆచారం," అన్నాడు ఫెమి, వచ్చీరాని హిందీలో.

లింబాద్రి ఒక గింజ కొరికాడు. అబ్బో, మిరియం కన్నా ఘాటు!

"దీని పేరేంది?"

"తెల్లవాళ్లు స్వర్గం గింజలంటారు. స్వర్గం నుంచి వచ్చాయని చెప్పి వెనకటి వ్యాపారులు అమ్ముకున్నారట." ఫెమి నవ్వబోయి మానేశాడు. "ఇది మా ఇంటి వెనక బురదలో కాసింది."

అతను బయటికి వెళ్లగానే పక్క మంచం భూమేశ్ ఎగిరిపడ్డాడు.

"పారెయ్‌రా లింబాద్రీ! తియ్యటిది ముట్టకుండ మంట గింజలిచ్చిండంటే ఏం లెక్క? గిది బాణామతి!"

బాణామతి, చేతబడి అంటే చాలు, వాళ్ల ఊళ్లో ఎంతటి మొనగాడికైనా చెమటలు పడతాయి. కాయ చెత్తడబ్బాలో పడింది.

మూడో రోజు లింబాద్రి ఫోన్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేస్తే భార్య ప్రేమ ఏడ్చింది. పసిదానికి జ్వరం, పాలు తాగడం లేదు.

ఇంకేం కావాలి? గదిలోని వాళ్లంతా క్యాంపు మేనేజరు ముదీర్ మీదికి పోయారు.

"వాడన్న ఉండాలె, మేమన్న ఉండాలె!"

సాయంత్రానికే ఫెమిని వేరే క్యాంపుకు మార్చారు. అతను గొడవపడలేదు. పెట్టె భుజానికెత్తుకుని, గుమ్మంలో ఆగి ఒక్క మాటే అడిగాడు.

"బిడ్డకు పేరు పెట్టారా?"

లింబాద్రి మొహం తిప్పుకున్నాడు.

పసిదాని జ్వరం డాక్టరు మందుకు రెండు రోజుల్లో తగ్గిపోయింది.

నెల తర్వాత కంపెనీ బస్సు డ్రైవరు, కడప కరీముల్లా, లింబాద్రిని పిలిచాడు.

"ఏం లింబాద్రీ, ఆ కాయ ఇంటికి పంపిస్తివా? నిన్న ఫెమిని ఎయిర్‌పోర్టులో దింపినా. ఖలాస్, ఇంక రాడంట. దారంతా అదే అడిగినాడు."

"గా కాయ అప్పుడే చెత్తల పారేసిన గదన్నా."

కరీముల్లా బస్సు ఇంజను ఆపేశాడు.

"అయ్యో, ఎంత పని చేస్తివి! అది వాని బిడ్డ కోసం తెచ్చుకున్న కాయప్పా. ఊర్లో పేరు పెట్టేనాడు ఇక్కడ తానూ ఒక గింజ నోట్లో వేసుకోవాలని దాచుకున్నాడు. నువ్వు పేడాలు పంచిన పొద్దున్నే, పుట్టిన బిడ్డ దక్కలేదని వానికి ఫోనొచ్చిందంట."