డూంగర్ కానిది

"గుట్టను మీ భాషల ఏమంటరు అవ్వా?" శైలజ నోటుబుక్కు తెరిచి అడిగింది.

"డూంగర్" అంది చంద్రి, జొన్నరొట్టె తడుతూనే.

శైలజది జనగామ. రాళ్లగుట్టల పేర్ల మీద పరిశోధన చేస్తోంది. గుట్ట అంటే మొదట రాతికొండేననీ, కుప్ప అనే అర్థం తర్వాత వచ్చిందనీ ఆమె వాదన. గైడు ఒప్పుకోలేదు. "రుజువు తీసుకురా. లేకపోతే ఆ అధ్యాయం కొట్టెయ్" అన్నాడు. వేరే భాషవాళ్లు గుట్ట అనే మాటను దేనికి వాడతారో వింటే రుజువు దొరుకుతుందని మహబూబాబాద్ తండాలన్నీ తిరిగి, భూపాలపల్లి దగ్గరి ఈ లంబాడాల కాలనీకి వచ్చింది.

చంద్రి విసుక్కోకుండా చెప్పింది. ఎలుగుబంట్ల డూంగర్, సీతాఫలాల డూంగర్, వానకు ముందు నల్లబడే డూంగర్. శైలజ పేజీలు నిండాయి.

పొయ్యి ఆర్పి, ఒక రొట్టె ఆకులో పెట్టుకుని చంద్రి లేచింది. కాలనీ వెనకాలే పెద్ద గుట్ట. ఒకే ఎత్తు చెట్లతో పచ్చగా ఉంది. శైలజ వెంట నడిచింది. చంద్రి రొట్టెను గుట్ట అంచున రాయి మీద పెట్టి, నుదురు నేలకు ఆనించింది.

"దేవత ఉన్నదా అవ్వా ఈడ?"

"లేదు."

"మరి గిదేం డూంగర్?"

"గిది డూంగర్ గాదు. గుట్ట."

శైలజ కలం ఆగింది. అన్నిటినీ తన భాషలో పిలిచిన మనిషి దీన్నొక్కదాన్నే తెలుగులో పిలుస్తోంది. ఇన్నాళ్ల తిరుగుడుకు ఫలితం దక్కేలా ఉంది.

"రెండూ ఒకటే గద అవ్వా?"

"ఎట్ల ఒకటైతయి బిడ్డా? డూంగర్ దేవుడు పెట్టింది. గుట్ట మనుషులు పోసింది. బట్టలు గుట్ట పోసిన్రని మీరే అంటరు గద."

శైలజ మొహం వాడిపోయింది. గైడు మాటే నెగ్గింది. ఏడాది కష్టం ఒక్క మాటతో పోయింది.

"ఎవరు పోసిండ్రు?" ముక్తసరిగా అడిగింది.

"బొగ్గు కోసం తవ్వినోళ్లు. బొగ్గు పట్టుకపోయిండ్రు. మన్ను, రాళ్లు ఈడ పోసిండ్రు. చెట్లు గూడ వాళ్లే పెట్టిండ్రు."

శైలజ నోటుబుక్కు మూసి సంచిలో వేసుకుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది.

"పోనీలే అవ్వా, ఖాళీ జాగలనే పోసిండ్రు."

చంద్రి గుట్ట వైపే చూస్తూ చెప్పింది.

"గీ మన్ను కింద మా తండా ఉన్నది."