సాక్ష్యానికి తెచ్చిన తువ్వాలు

ఉదయం పదకొండు గంటలకు బాక్సింగ్ సంఘం గదిలో వాదన మొదలైంది. పదకొండూ ఐదుకి ఒక కుర్చీ విరిగింది. కొట్లాటేమీ కాదు. రిటైరైన బస్సు డ్రైవరు బల్ల గుద్దబోయి పక్క కుర్చీని గుద్దాడు.

తేలాల్సింది ఒక్కటే. ఇక్కడ బాక్సర్లను తయారు చేసినవాళ్ళలో అందరికన్నా గొప్పవాడు ఎవరు? గోడమీద ఫొటోలో ఉన్న పులి మాస్టారా, వెనక బెంచీలో కూర్చున్న తువ్వాలు మాస్టారా? కొత్త శిక్షణ హాలు గుమ్మం మీద ఆ పేరు రాయాలి. పన్నెండింటికి పెయింటరు వస్తానన్నాడు.

"పులి మాస్టారి శిష్యుల్లో ఛాంపియన్లు ఆరుగురు," అన్నాడు అధ్యక్షుడు. ఆయన ఒకప్పటి రిఫరీ. "మరి తువ్వాలు మాస్టారి శిష్యుల్లో?"

"ఒక్కడూ లేడు," అన్నారు పులి వర్గం వాళ్ళు.

"అయినా ఆయన మంచివాడండీ," అన్నాడు డ్రైవరు.

"మంచివాడైతే పిల్లనియ్యవయ్యా! హాలుకి పేరెందుకు?"

గది గొల్లుమంది. వెనక బెంచీలో తువ్వాలు మాస్టారు కూడా నవ్వాడు. ఆయనకు ఎనభై రెండేళ్ళు.

పదకొండూ పదికి గడియారాల మెకానిక్ వచ్చాడు.

"గడియారాలు బాగుచేసేవాడివి, నువ్వే ఆలస్యమా?" అన్నారెవరో.

"ఊళ్ళో గడియారాలన్నీ నా కొట్లోనే ఉన్నాయి. ఆలస్యమైందని మీకెలా తెలిసింది?" అన్నాడతను.

పులి వర్గం తరఫున మాట్లాడాల్సింది అతనే. అతను పులి మాస్టారి శిష్యుడు కాదు, తువ్వాలు మాస్టారి శిష్యుడు. నలభై ఏళ్ళ కిందట ఛాంపియన్‌షిప్ ఫైనల్లో చివరి రౌండు దాకా పాయింట్లలో అతనే ముందున్నాడు. ఆ రౌండులో రెండుసార్లు పడి లేచాడు. మూడోసారి పడకముందే మాస్టారు రింగులోకి తువ్వాలు విసిరాడు. ఒక బాక్సరు మూలలోంచి తువ్వాలు పడిందంటే ఆ మూల ఓటమి ఒప్పుకున్నట్టే. రిఫరీ పోటీ ఆపి అవతలివాడి చెయ్యి పైకెత్తాడు. ఆ రోజు నుంచి మాస్టారికి ఆ పేరు వచ్చింది. ఆ రోజు నుంచే వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అప్పటి తువ్వాలు ఇప్పుడు మెకానిక్ సంచిలో ఉంది. సాక్ష్యానికి తెచ్చాడు.

హాజరు పుస్తకం వెనక బెంచీ మీద, మాస్టారి పక్కన ఉంది. మెకానిక్ వంగి సంతకం పెట్టాడు. మాస్టారు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు.

"ఆడవాళ్ళ గడియారాల్లో చిన్న ముళ్ళు కూడా నువ్వే పెడతావంట కదరా. చెయ్యి వణకదా?"

మెకానిక్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ముందుకెళ్ళి పులి వర్గం కూర్చున్న మూలలో కూర్చున్నాడు.

పదకొండున్నరకు ఒకావిడ భర్తను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. పులి మాస్టారి ఛాంపియన్లలో మొదటివాడతను. ఆ ఫైనల్లో రిఫరీ పైకెత్తింది ఇతని చెయ్యే. ఆ తర్వాత ఇంకో పన్నెండేళ్ళు ఆడాడు. ఒక్కసారి కూడా అతని మూలలోంచి తువ్వాలు పడలేదు. పులి మాస్టారు బతికున్నన్నాళ్ళూ ఆ మాట నలుగురిలో చెప్పుకునేవాడు.

ఆవిడ భర్తను మెకానిక్ పక్కన కూర్చోబెట్టింది.

"ఎవరో గుర్తుపట్టారా?"

ఛాంపియన్ మెకానిక్‌ను చూసి నవ్వాడు. "ఎన్నో రౌండు?" అని అడిగాడు.

"అయిపోయిందండీ. మీరే గెలిచారు," అంది భార్య.

హాజరు పుస్తకం చేతులు మారి వాళ్ళ దగ్గరికి వచ్చింది. మెకానిక్ తన పెన్ను ఇచ్చాడు. అది ఛాంపియన్ వేళ్ళలోంచి జారి కింద పడింది. తీసి మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ పడింది. ఆవిడ చేతిసంచిలోంచి ఇంకు ప్యాడు తీసింది.

"ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది అన్నయ్యా," అంటూ భర్త బొటనవేలు అద్ది పుస్తకంలో ముద్ర వేయించింది.

మెకానిక్ ఆ పేజీని పైనుంచి కింది దాకా చూశాడు. పులి మాస్టారి ఛాంపియన్లు నలుగురు వచ్చారు. మూడు వేలిముద్రలు, ఒక కొడుకు తండ్రి బదులు పెట్టిన సంతకం. తువ్వాలు మాస్టారి శిష్యులు పదకొండు మంది వచ్చారు. పదకొండు సంతకాలు. డ్రైవరైతే తన సంతకం కింద గీత గీసి రెండు చుక్కలు కూడా పెట్టాడు.

"సాక్ష్యం తెచ్చానన్నావుగా, తియ్యి," అన్నాడు పులి వర్గంలో ఒకడు.

మెకానిక్ తువ్వాలు బయటికి తీశాడు.

"ఏంటన్నయ్యా అది?"

"ఆ రోజు మా మాస్టారు విసిరింది."

ఆవిడ దాని అంచు పట్టుకుని చూసింది. "పన్నెండేళ్ళ దెబ్బల్లో మాకు ఇలాంటిది ఒక్కటి దొరకలేదు," అంది.

"పులి వర్గం మాట్లాడవచ్చు," అన్నాడు అధ్యక్షుడు. "రెండు నిమిషాలు."

మెకానిక్ లేచి నిలబడ్డాడు. వెనక బెంచీలో మాస్టారు తల దించుకున్నాడు.

"ఇంకొక్క నిమిషం ఆగుంటే గెలిచేవాణ్ణని నలభై ఏళ్ళుగా చెబుతున్నాను," అన్నాడు మెకానిక్.

"అదే! అదే చెప్పు!" అని అరిచారు అతని పక్కవాళ్ళు.

అతను తువ్వాలును ఉండచుట్టి, పులి వర్గం మూలలోంచి గది మధ్యలోకి విసిరాడు.

డ్రైవరు మళ్ళీ గుద్దాడు. ఈసారి బల్లనే గుద్దాడు. చప్పట్లు వెనక వరసలో మొదలై పులి వర్గం దాకా వచ్చాయి. ఛాంపియన్ కూడా కొట్టాడు, అందరూ ఆపేసినా కొడుతూనే ఉన్నాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా అధ్యక్ష స్థానంలోని పాత రిఫరీ వెనక బెంచీ దాకా నడిచి వెళ్ళి, తువ్వాలు మాస్టారి కుడి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.