ర్యాంపుల మీద అంబాసిడర్

ఏక్‌బాల్‌పూర్‌లో కరెంటు పోయినా సాల్మన్ రాజు ఉత్సాహం తగ్గలేదు. సొంత అంబాసిడర్‌కు తన చేత్తో ఆయిలు మార్చడం ఇదే మొదలు. ముందు చక్రాలను ఇనుప ర్యాంపులెక్కించి, హ్యాండ్‌బ్రేకు లాగి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టాడు. తలుపులకు తాళం వేసి, టార్చితో కారు కిందికి దూరాడు.

పనికి ముందు ఎప్పటిలాగే ప్రార్థించాడు.

"ఆమేన్," అని మెల్లగా వినిపించింది. భార్య జెరూషా వచ్చిందని మురిసిపోయాడు.

"ఏటే, ప్రార్థన కూటం అప్పుడే అయిపోనాదా?"

తలపైన సీటు స్ప్రింగు కిర్రుమంది.

అంతలో వీధి గేటు తెరుచుకుంది. జెరూషా గొంతు.

"ఏటండీ, చీకట్లో కారులో ఎవుల్ని కూకోబెట్టినారు?"

సాల్మన్ జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఉంది.

పైన హ్యాండ్‌బ్రేకు దిగింది. వెనక, ఒక ఇటుక పటుక్కుమంది.